ఓడిపోవడానికి ఒక గంట

రాత్రి పన్నెండు దాటింది. మంచినీళ్ల కోసం లేచిన నాకు హాల్లో వెలుతురు కనబడింది. టీవీ సౌండు పూర్తిగా తగ్గించుకుని, చీకట్లో మా అబ్బాయి కూర్చుని ఉన్నాడు. తెర మీద ఒంటిచేతి మనిషి ఒకడు కత్తి పట్టుకుని, గుర్రమెక్కి దూసుకొస్తున్న భారీ యోధుడితో తలపడుతున్నాడు. పట్టుమని పది క్షణాలు గడిచాయో లేదో తెర నల్లబడింది. మధ్యలో ఎర్రటి జపాను అక్షరం ఒకటి. దానికి అర్థం 'చావు' అని నాకు తర్వాత తెలిసింది.

"ఎన్నోసారిరా?" అన్నాను.

"లెక్క వెట్టలేదమ్మా. ఇరవై అయ్యుంటయ్."

"ఇరవై సార్లు చచ్చినా బుద్ధి రాలేదా? పండుకో పో!"

కసిరి వచ్చానే గానీ, పడుకున్నాక నాకే నిద్ర పట్టలేదు. 2025 మే నెలలో ఎప్‌సెట్ ఫలితాలు వచ్చాయి. మన నోట్లో ఇంకా ఎంసెట్ అనే ఉంది కదా, అదే. అనుకున్న ర్యాంకు రాలేదు. అప్పటినుంచి రెండు నెలలుగా వాడు ఏ పనినీ రెండోసారి ప్రయత్నించలేదు. కౌన్సెలింగ్‌కు వెబ్ ఆప్షన్లు పెట్టుకొమ్మంటే "ఎందుకు?" అన్నాడు. స్నేహితులు టవర్ సర్కిల్ దాకా రమ్మంటే "నేను రాను" అన్నాడు. అలాంటి పిల్లాడు ఇరవై సార్లు ఓడిపోయి, ఇరవై ఒకటోసారి మళ్లీ లేస్తున్నాడంటే ఆ ఆటలో ఏముంది?

"ఇంత కష్టమైన ఆట ఆడటం అవసరమా? మంచిదా, చెడ్డదా?" అని అడిగే తల్లులూ అక్కలూ మనలో ఎంతమందో. కథలు రాసుకునే ఇల్లాలిని, నాకు ఆటల గురించి ఏం తెలుసు? అందుకే చెప్పుడు మాటలు వినకుండా, స్వయంగా ఆడి చూసి రాస్తున్నాను.

ఇంతకీ ఏమిటా ఆట?

పేరు 'సెకిరో: షాడోస్ డై ట్వైస్'. నీడలు రెండుసార్లు చస్తాయని అర్థం. జపానుకు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ కంపెనీ తయారు చేసింది. 2019 మార్చి 22న విడుదలైంది. దర్శకుడి పేరు హిదెతాకా మియజాకి. అంతకుముందు 2009లో 'డెమన్స్ సోల్స్', 2011లో 'డార్క్ సోల్స్' చేసి, ఆడేవాళ్లను ఏడిపిస్తాడని పేరు తెచ్చుకున్నవాడు. సెకిరోకు 2019 డిసెంబరులో 'ది గేమ్ అవార్డ్స్'లో ఆ ఏటి ఉత్తమ ఆటగా బహుమతి వచ్చింది. 2023 నాటికి కోటి కాపీలకు పైగా అమ్ముడైంది. ఏడిపించే ఆటను అంతమంది డబ్బిచ్చి కొన్నారన్నమాట!

కథ మన జానపద సినిమాల కథలాగే ఉంటుంది. పదహారో శతాబ్దం చివర, యుద్ధాలతో అల్లాడుతున్న జపాను. అందులో అషినా అనే ఒక కల్పిత రాజ్యం. కురో అనే బాల ప్రభువు, అతనికి కాపలాగా 'తోడేలు' అని పిలిచే యోధుడు. ఆట మొదలైన కాసేపటికే మన తోడేలు ఓడిపోతాడు. ఎడమచేయి తెగిపోతుంది. మీరు ఎంత బాగా ఆడినా సరే ఆ చేయి తెగాల్సిందే, కథే అట్లా రాశారు. కళ్లు తెరిచేసరికి పాడుబడ్డ గుడిలో ఉంటాడు. చెక్కతో బుద్ధ విగ్రహాలు చెక్కుకుంటూ కూర్చున్న ముసలాయన ఒకాయన అతనికి కొయ్యచేయి తొడుగుతాడు. ఆ ముసలాయనను చూస్తే నాకు నిర్మల్‌లో పొనికి చెక్కతో బొమ్మలు చేసే నకాషీ తాతలు గుర్తొచ్చారు. తల వంచుకుని, లోకంతో పని లేనట్టు అచ్చం అట్లాగే కూర్చుంటాడు.

ఇక కష్టం సంగతి. చాలా ఆటల్లో చిన్నాచితకా శత్రువులను వందమందిని కొట్టి బలం పెంచుకుని, అప్పుడు పెద్దవాడి మీదికి పోవచ్చు. ఇందులో అది పెద్దగా కుదరదు. పెద్దవాణ్ని గెలిస్తేనే కత్తికి బలం పెరుగుతుంది. బొమ్మకు బలం రావడం కాదు, ఆడే మనిషి చేతికి నేర్పు రావాలి. శత్రువు కత్తి మీద పడే సరిగ్గా ఆ క్షణంలో ఎల్-1 అనే మీట నొక్కాలి. ముందు నొక్కితే ఉత్త అడ్డు. ఆలస్యమైతే దెబ్బ. సరిగ్గా నొక్కితే ఖంగుమని మోగి ఎదుటివాడి నిలకడ కొంచెం తగ్గుతుంది. అలా కొంచెం కొంచెంగా వాడు తూకం తప్పితేనే మన గెలుపు. సులువు, మధ్యస్తం, కష్టం అని ఎంచుకునే వీలే లేదు. ఉన్నది ఒక్కటే, కష్టం.

ఒకసారి చనిపోతే అక్కడికక్కడే ఒక్కసారి లేవనిస్తారు. మళ్లీ చనిపోతే వెనక ఉన్న విగ్రహం దగ్గరికి పోయి పడతాం. చేతిలోని డబ్బులో, నేర్చుకున్న అనుభవంలో సగం పోతాయి. ఇంకో మాట. నెత్తురు చాలా కనబడుతుంది. అమెరికాలో పదిహేడేళ్లు నిండినవాళ్లకే అని ముద్ర వేశారు. మా వాడికి పద్దెనిమిది నిండాయి కాబట్టి ఊరుకున్నాను. చిన్నపిల్లలున్న ఇళ్లల్లో ఈ సంగతి మరిచిపోవద్దు.

ఆదిలాబాద్‌లో రెండో రిమోటు

ఈ ఆట మా ఇంటికి తెచ్చింది మా తమ్ముడే. హైదరాబాద్‌లో ఉద్యోగం. తాను కొత్త ప్లేస్టేషన్ కొనుక్కుని, పాతది మేనల్లుడికి పంపాడు. "పిల్లగాడు ముభావంగా ఉంటుండని చెప్తివి గదక్కా, ఆడుకోనీ" అన్నాడు ఫోన్లో. వాడికి ఈ పిచ్చి ఈనాటిది కాదు.

1997లో మేం ఆదిలాబాద్‌లో ఉండేవాళ్లం. మా బాపు పత్తి జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. చిన్నమామ నాగపూర్ పోయి వస్తూ తమ్ముడి కోసం టీవీకి తగిలించే వీడియోగేమ్ తెచ్చాడు. రెండు రిమోట్లు, ఒక పసుపుపచ్చ క్యాసెట్. ఆట రాకపోతే క్యాసెట్ ఊడదీసి, ఉఫ్‌మని ఊది మళ్లీ పెట్టేవాళ్లం. మీలో చాలామందికి ఆ ఊదుడు గుర్తుండే ఉంటుంది.

అందులో 'కాంట్రా' అని ఇద్దరు కలిసి ఆడే ఆట ఉండేది. జపానులోని కొనామి కంపెనీ 1987లో తెచ్చిన ఆట అది. ఒక్క గుండు తగిలితే ప్రాణం పోతుంది. ఉన్నవి మూడే ప్రాణాలు. ఆ రోజుల్లో పిల్లల్ని ఏడిపించిన ఆటల్లో అది మొదటి వరసలో ఉంటుంది. రెండో రిమోటు నాది. నాది అని పేరే గానీ, చేతిలో నిలిచిందెప్పుడు? "పోరీ, చాయ్ గిన్నె దించు", "పోరీ, తమ్మునికి నీళ్లు తేపో". నేను లేచి వెళ్లి వచ్చేసరికి నా బొమ్మ నిలబడ్డచోటే చచ్చిపోయి ఉండేది. "అక్కకు ఆడరాదు" అని తమ్ముడు తేల్చేశాడు. వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు, వాడి తప్పేం లేదు. కానీ నేనూ ఆ మాటే నమ్మాను. ఇరవై ఎనిమిదేళ్లు నమ్మాను.

మధ్యాహ్నం రెండు నుంచి మూడు

మర్నాడు మధ్యాహ్నం మా వాడి దగ్గరికి వెళ్లి, "నాకూ జర నేర్పురా" అన్నాను. వాడు నా వంక చూసి నవ్వాడు. రెండు నెలల తర్వాత చూసిన నవ్వు అది. ఆ ఒక్క నవ్వుకే ప్లేస్టేషన్ ఖర్చు గిట్టింది. ఖర్చు తమ్ముడిదనుకోండి!

మా ఆయన అన్నం తిని దుకాణానికి వెళ్లాక, అత్తమ్మ నడుం వాల్చాక, రెండు నుంచి మూడు దాకా నాకు కాస్త వెసులుబాటు. రోజూ ఆ గంట ఆటకు కేటాయించాను. మొదటి రోజంతా నడవడమే సరిపోయింది. ఒక బొటనవేలితో మనిషిని నడిపించాలి, రెండో బొటనవేలితో వాడి చూపును తిప్పాలి. నా మనిషి గోడకేసి నడుస్తాడు, చూపేమో ఆకాశంలో ఉంటుంది. కొండ మీంచి దూకి ఎన్నిసార్లు పోయానో. అదృష్టం ఏమిటంటే, ఈ ఆటను మధ్యలో ఆపవచ్చు. ఒక మీట నొక్కితే కత్తి గాల్లో ఉండగానే అంతా బొమ్మలా నిలబడిపోతుంది. కుక్కర్ కూత పెట్టినా, గేటు చప్పుడైనా భయం లేదు. ఇదే కంపెనీ తీసిన కొన్ని ఆటల్లో ఆ సౌకర్యం కూడా లేదట. ఇల్లాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

గుడి దగ్గరే హన్బే అనే ఒకడు ఉంటాడు. వాడికి చావు లేదు. "నా మీద సాధన చేసుకో" అని నిలబడతాడు. ఎన్నిసార్లు పొడిచినా లేచి మళ్లీ నిలబడతాడు. మూడు రోజులు వాడి దగ్గరే ఉన్నాను. తర్వాత మొదటి సేనాని చేతిలో పదకొండు సార్లు ఓడాను. ఆ తర్వాత వచ్చాడు గుర్రం మీది యోధుడు, గ్యోబు ఒనివా. ఆ రాత్రి మా వాడిని చంపుతూ కనబడ్డవాడు. వాడి చేతిలో నేను ముప్పై నాలుగు సార్లు చచ్చాను. కొడుకు లెక్క పెట్టలేదు గానీ నేను పెట్టాను. పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే గీతలు గీశాను.

ఎందుకు ఓడుతున్నానో ఇరవయ్యో సారికి గానీ తెలియలేదు. కంగారు! గుర్రం మీదికి రాగానే చేతికందిన మీటలన్నీ నొక్కేస్తున్నాను. చుట్టాలు చెప్పకుండా వచ్చినప్పుడు వంటింట్లో ఒకేసారి నాలుగు గిన్నెలు ఎక్కించి, నాలుగూ మాడ్చినట్టన్నమాట. మా వాడు పక్కన కూర్చుని ఒకటే మాట చెప్పాడు.

"అమ్మా, నీ బొమ్మను సూడకు. వాన్ని సూడు. వాడు చెయ్యి ఎప్పుడు లేపుతుండో సూడు."

చూశాను. నిజంగా చూడటం మొదలుపెట్టాక వాడి దెబ్బల్లో ఒక లయ కనబడింది. బతుకమ్మ ఆటలో చప్పట్లకు లయ ఉన్నట్టే. ఇక్కడ ఒకటి, అక్కడ రెండు, కాస్త ఆగి ఒక పెద్దది. ముప్పై అయిదోసారి గెలిచాను. చేతులు వణికాయి. గుండె చప్పుడు చెవుల్లో వినబడింది. "అవ్వా!" అని నేను పెట్టిన కేకకు అత్తమ్మ లేచి వచ్చి, "ఏమైంది, బల్లి పడ్డదా?" అన్నది.

ఓడటానికి చోటేది?

ఆ రాత్రి అంట్లు తోముకుంటూ ఆలోచించాను. గెలుపు సంగతి సరే, ముప్పై నాలుగు సార్లు ఓడినా నాకు అవమానం అనిపించలేదేమిటి?

మన బతుకుల్లో ఓడిపోవడానికి చోటు లేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, మళ్లీ వంకాయ కూర వండినప్పుడల్లా ఆ కథ వినబడుతుంది. నేను స్కూటీ నేర్చుకునేటప్పుడు మంకమ్మతోటలో ఒక్కసారి పడ్డాను. వాడకట్టు వాడకట్టంతా చూసింది. ఆ రోజు ఆపిన బండి మళ్లీ తీయలేదు. పత్రికలకు పంపిన కథ తిరిగొస్తే కవరు బియ్యం డబ్బా వెనక దాచుకునేదాన్ని. మనం చేతగాకుండా ఉండటానికి భయపడం, చేతగాకుండా కనబడటానికి భయపడతాం. కొత్తపని నేర్చుకోవాలంటే కొన్నాళ్లు చేతగానట్టు కనబడక తప్పదు. అందుకే నలభై దగ్గర పడేసరికి కొత్తవి నేర్చుకోవడమే మానేస్తాం.

చిన్నప్పుడు మాత్రం ఆ చోటు ఉండేది. కచ్చకాయలు ఆడలేదూ? రాయి ఎగరేసి, అది కింద పడేలోగా నేల మీదివి ఏరాలి. మొదట ఒక్కొక్కటి, తర్వాత రెండేసి, మూడేసి. చెయ్యి తప్పితే పారి పోయింది, పక్కపిల్లకు ఇచ్చేయాలి. రోజుకు వందసార్లు తప్పేవాళ్లం. ఎవరూ ఏడవలేదు, ఎవరూ "నీకు రాదు" అనలేదు. సెలవులు అయ్యేసరికి అందరికీ వచ్చేది. మియజాకి గారు కోట్లు పెట్టి చేసిన ఆటలో సూత్రం, మన అరుగు మీది గులకరాళ్ల ఆటలో సూత్రం ఒకటేనంటే నమ్ముతారా? నియమం అందరికీ ఒకటే. తప్పు ఎక్కడ జరిగిందో తప్పినవాళ్లకే తెలుస్తుంది. మళ్లీ మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వాడు అడిగిన మాట

గుర్రపు యోధుణ్ని గెలిచిన రెండో రోజు. మా వాడు కోట పైన గెనిచిరో అనే వాడితో పోరాడి ఓడాడు. మొదట్లో చేయి నరికినవాడే ఈ గెనిచిరో. "పర్వాలేదురా, మల్ల మొదలువెట్టు" అన్నాను. నోటికి అలవాటుగా వచ్చిన మాట.

వాడు తెర మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు. "గిండ్ల ఓడితే మల్ల మొదలువెట్టుమంటవు. ఎప్‌సెట్ల ఓడితే మూడొద్దులు నాతోని మాట్లాడకపోతివి గదమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. నిజమే. ఫలితం వచ్చిన రోజు నేను వాణ్ని తిట్టలేదు, కొట్టలేదు. ఊరికే మాట్లాడలేదు, అంతే. అదేదో పెద్ద సహనం అనుకున్నాను. కంచం పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాను. మూడు రోజులు! పద్దెనిమిదేళ్ల పిల్లాడికి ఆ మౌనం ఎంత గట్టిగా వినబడిందో నాకు తెలియలేదు.

ఈ ఆట విడుదలైన 2019 ఎండాకాలం మీకు గుర్తుందా? ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక మన తెలంగాణలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లాయని తర్వాత తేలింది. ఆ వార్తలు చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నదాన్నే నేను. నా ఇంట్లో మాత్రం అదే పాఠం నేర్పాను, ఓటమి అంటే మాటలు ఆగిపోవడమని. పిల్లలు మరీ ముభావంగా ఉంటే ఆలస్యం చేయవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి-మానస్ ఉంది, 14416కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా మానసిక ఆరోగ్య నిపుణులతో మాట్లాడవచ్చు. పిల్లలే కాదు, మనమూ చేయవచ్చు.

ఆ సాయంత్రం మేమిద్దరం మానేరు డ్యామ్ కట్ట మీద చాలాసేపు కూర్చున్నాం. "తప్పు నాదే బిడ్డా" అన్నాను. వాడేం మాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు "వెబ్ ఆప్షన్లకు ఇంకా రెండొద్దులు టైమున్నది" అన్నాడు.

ఆట ఆడించిందా ఈ మాట వాడితో? అలా అంటే అబద్ధమే అవుతుంది. పక్కన కూర్చున్నాం, చేతులు పనిలో ఉన్నాయి, కళ్లు కళ్లు కలపాల్సిన అవసరం లేదు. చిక్కుడుకాయలు తుంచుతూ తల్లీకూతుళ్లు మనసు విప్పుకుంటారే, అట్లాంటిదే.

దగ్గు వినబడితే జాగ్రత్త

అంతా మంచే చెప్పి వదిలేస్తే మీరు నన్ను నమ్మరు. ఈ ఆటలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. మన తోడేలు మాటిమాటికీ చచ్చి లేస్తుంటే, ఆ పాపం ఊరికే పోదు. కథలో అతన్ని ఎరిగిన మిగతా మనుషులకు ఒక రోగం అంటుకుంటుంది. వాళ్లు దగ్గడం మొదలుపెడతారు. ఆటలోనే దానికి మందూ ఉంది. మనం లేవడానికి ఇంకొకరి ఊపిరి ఖర్చవుతోందని ఆటే చెబుతుంది.

మా ఇంట్లోనూ దగ్గు వినబడింది. ఒకరోజు గంట కాస్తా రెండు గంటలైంది. పొయ్యి మీద పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడింది. అత్తమ్మ మధ్యాహ్నం మాత్ర వేసుకోలేదు, అడగాల్సిన నేను అడగలేదు. మా వాడు రాత్రి రెండింటిదాకా మేలుకుని పదింటికి లేవసాగాడు. అప్పుడే నియమం పెట్టుకున్నాం. రాత్రి పది తర్వాత టీవీ బంద్. అయిదుసార్లు వరసగా ఓడితే ఆ పూటకు చాలు. అలసిన చేతితో ఆడితే తప్పులే అలవాటవుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో ఆటల వ్యసనాన్ని కూడా చేర్చింది. గుర్తులు మూడు చెప్పారు. ఆడకుండా ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతోందని తెలిసినా కొనసాగించడం. ఇవి మామూలుగా ఏడాది పాటు కనబడి, చదువునో పనినో ఇంటినో దెబ్బతీస్తే అది జబ్బు కిందికి వస్తుంది. వారం రోజులు గట్టిగా ఆడిన ప్రతివాడూ రోగి కాడు. అట్లాగని కళ్లు మూసుకోవడమూ కాదు. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో 2014 నుంచే ఇలాంటి అలవాట్ల కోసం ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది.

ఒక తేడా గమనించండి. సెకిరోను ఒకసారి కొంటే మళ్లీ డబ్బు అడగదు, పందెం లేదు. వేలల్లో ఉండే ధరే మొదటిదీ చివరిదీ. కథకు ముగింపు ఉంది, ముగిస్తే లేచిపోవచ్చు. సెల్‌ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి వేరు. వాటిని మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. పిల్లలు "గేమ్ ఆడుతున్నాం" అన్నప్పుడు ఏ గేమో తెలుసుకోవడం మన పని.

సులువు చేస్తే తప్పా?

సెకిరో వచ్చినప్పుడు ప్రపంచమంతా ఒక వాదన నడిచింది. సులువు పద్ధతి కూడా పెట్టవచ్చు కదా అని కొందరు. ముఖ్యంగా చేతులు సరిగా పనిచేయనివాళ్లు, వికలాంగులు ఆ మాట అన్నారు. అందరూ ఒకే కష్టాన్ని దాటితేనే అందరి ఆనందమూ ఒకటవుతుందన్నది మియజాకి పక్షం.

నేను రెండువైపులా ఉన్నాను. కష్టం తీసేస్తే నా ముప్పై అయిదోసారికి విలువ లేదు, నిజమే. కానీ మా అత్తమ్మ వేళ్లకు కీళ్లవాతం. ఆమె ఎన్నివందల సార్లు ఓడితే నేర్చుకుంటుంది? కాంట్రాలో ముప్పై ప్రాణాలిచ్చే దొంగదారి ఒకటి ఉండేది. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. ఆ వరసను మొదట పెట్టింది కజుహిసా హషిమోతో అనే కొనామి ఉద్యోగి. 1986లో 'గ్రాడియస్' అనే ఆటను పరీక్షించాల్సి వచ్చి, అది తనకే మరీ కష్టంగా ఉందని తన కోసం పెట్టుకున్న దారి అది. తయారుచేసే వాళ్లకే అవసరమైన నిచ్చెన ఆడేవాళ్లకు ఇస్తే తప్పా? 2018లో వచ్చిన 'సెలెస్ట్' అనే ఆటలో ఒక అమ్మాయి కొండ ఎక్కుతుంది. అదీ కష్టమైనదే, కానీ కావాలంటే వేగం తగ్గించుకునే సాయం అందులోనే ఉంది. మొదలుపెట్టేవాళ్లకు నేనైతే అదే చెబుతాను.

ఆడాలా, వద్దా?

అడిగినవాళ్లకు నా జవాబు ఇది. పద్దెనిమిది నిండినవాళ్లు, ఓపిక ఉన్నవాళ్లు, రోజుకు గంటకు మించకుండా లేవగలిగినవాళ్లు ఆడవచ్చు. ఆడితే వృథా కాదు. కోపం వస్తే రిమోటు నేలకు కొట్టేవాళ్లు, నిద్ర అమ్ముకుని ఆడేవాళ్లు, నెత్తురు చూస్తే కడుపు తిప్పేవాళ్లు వద్దు. చదువు ఎగ్గొట్టి దాక్కోవడానికి ఆడితే ఎంత గొప్ప ఆటైనా గుంతే. ఓడినా లేవడం నేర్చుకోవడానికి ఆడితే, బయటికి వచ్చాక కూడా ఆ లేవడం కనబడాలి. గీటురాయి అదొక్కటే.

మరి ఆడవాళ్ల సంగతి? "మాకు తీరికెక్కడిది?" అంటారు. కేంద్రం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లకు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పోతున్నాయి. ఇంటిపని చేసే మగవాళ్లకు 88 నిమిషాలు. ఆ లెక్క మారితే తప్ప మనకు ఏ ఆటా అందదు. మా ఇంట్లో మొదటి అడుగుగా మధ్యాహ్నపు గిన్నెలు ఇప్పుడు మా వాడివి. అత్తమ్మ మాత్ర అడిగే బాధ్యత మా ఆయనది. ఆ గంటలో మీరు సెకిరోనే ఆడాలని లేదు. స్కూటీయో, కుట్టుమిషనో, ఇంగ్లీషో, ఏదైనా సరే. ఓడినా ఎవరూ నవ్వని గంట ఒకటి మీకు ఉండాలి, అంతే.

మా వాడు ఇంజనీరింగ్‌లో చేరాడు. కోరుకున్న బ్రాంచి కాదు. "సూద్దాంలే" అంటున్నాడు. ఆ 'సూద్దాం' నాకు ర్యాంకుకంటే ఎక్కువ.

నేనింకా కోట పైన గెనిచిరో దగ్గరే ఉన్నాను. మొన్న తమ్ముడు ఫోన్ చేసి, "ఏడిదాకా వచ్చినవక్కా?" అని అడిగాడు.

"ఇరవై రెండు సార్లు సచ్చిన."

"నా వల్ల కాలేదక్కా. నేను ఆన్నే ఇడిసివెట్టిన" అన్నాడు వాడు.

ఆ మధ్యాహ్నం అంట్లన్నీ అట్లాగే వదిలేసి, ఇరవై మూడోసారికి కూర్చున్నాను. మంకమ్మతోటలో ఆపిన స్కూటీని కూడా ఆదివారం మెకానిక్‌కు చూపించాను.